సింకులో ఎదురుచూసే కత్తి

కొత్త కత్తి కొన్న నెలకే అలుగు మీద గోధుమరంగు చుక్కలు కనబడితే మన ఇళ్లలో తీర్పు క్షణంలో వచ్చేస్తుంది: "ఇది అసలు స్టీలు కాదు." ఈ వారం మళ్లీ ఆ మాటే చెవిన పడింది, మళ్లీ అంతే చిరాకు పుట్టించింది. ఆ మాట వెనకాలే అయస్కాంతం బయటికొస్తుంది. కత్తి దానికి అతుక్కుందంటే అమ్మినవాడు దొంగే. కానీ కత్తి విషయంలో ఈ పరీక్ష తలకిందులు. కాల్చి గట్టిపరచగల స్టెయిన్‌లెస్ రకాలు అయస్కాంతానికి అతుక్కుంటాయి, మంచి కత్తులు చేసేది వాటితోనే. అతుక్కోని అలుగునే అనుమానించాలి. గిన్నె అతుక్కోలేదని మురిసిపోవడానికీ లేదు. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన 200 శ్రేణి రకాలు కూడా అతుక్కోవు, తుప్పును తట్టుకోవడంలో మాత్రం అవి మంచి గిన్నెలకు, గ్లాసులకు వాడే 304 రకం కంటే వెనకే.

అసలు స్టీలుకు తుప్పే పట్టదన్న అపోహకు సగం కారణం మన భాషలోనే ఉంది. ఉక్కు అంటే మనకు విశాఖ ఫ్యాక్టరీ, రైలు పట్టాలు, ఇంటి శ్లాబులో చువ్వలు. స్టీలు అంటే గిన్నెలు, గ్లాసులు, టిఫిన్ క్యారియర్. ఒకే వస్తువుకు రెండు భాషల్లో ఉన్న పేర్లను తెచ్చుకుని రెండు వేర్వేరు లోహాలను చేసుకున్నాం. ఒకటి తుప్పు పట్టేది, ఇంకొకటి పట్టనిది. షెఫీల్డులో 1913లో హ్యారీ బ్రియర్లీ పోతపోసింది మాత్రం ఉక్కునే. తుపాకీ గొట్టాలు లోపల త్వరగా అరిగిపోకుండా ఉండే లోహం కోసం వెతుకుతూ సుమారు 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కార్బన్ ఉన్న ఉక్కు తయారుచేశాడు. ఆయన పెట్టుకున్న పేరుకు 'తుప్పు లేనిది' అని అర్థం. కత్తుల తయారీలో ఉన్న ఎర్నెస్ట్ స్టువర్ట్ దాన్ని వెనిగర్‌తో పరీక్షించి 'స్టెయిన్‌లెస్' అన్నాడు, ఆ మాటే నిలబడింది. అది ఒక పరీక్షలో నెగ్గిన లోహానికి వచ్చిన పేరు. మనం దాన్ని జీవితకాలపు హామీగా చదువుకుంటున్నాం.

ఈ లోహాన్ని కాపాడేది దాని పైపొర. క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటే అది ఆక్సిజన్‌తో కలిసి ఉపరితలం మీద కొన్ని నానోమీటర్ల ఆక్సైడు పొర కడుతుంది. వెంట్రుక మందంలో అది పదివేలో వంతు కూడా ఉండదు. గీత పడినా గాలి తగలగానే మళ్లీ అల్లుకుంటుంది. మరి ఇరవై ఏళ్ల నాటి గ్లాసులు ఇంకా తళతళలాడుతుంటే కత్తికేం వచ్చిందని అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే. గ్లాసుకు పదును అక్కర్లేదు. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్, అతి స్వల్పంగా కార్బన్ ఉంటాయి. దాన్ని ఎంత కాల్చి చల్లార్చినా గట్టిపడదు. పదును నిలవాలంటే కార్బన్ కావాలి. కత్తులకు వాడే 420 రకంలో క్రోమియం 12 నుంచి 14 శాతమే. అందులోనూ కొంత భాగాన్ని కార్బన్ తనతో కట్టేసుకుంటుంది కాబట్టి పొరకు మిగిలేది ఇంకా తక్కువ. అసలు తుప్పే పట్టని స్టీలుతో కత్తి చేయమని పట్టుబడితే టమాటా తొక్క దగ్గరే మొరాయించే కత్తి చేతికొస్తుంది.

కత్తి చెడేది ఎప్పుడన్నది అసలు విషయం. కోసేటప్పుడు కాదు, తోమేటప్పుడూ కాదు, ఆ రెంటికీ మధ్య సింకులో పడి ఉన్నప్పుడు. నిమ్మకాయ కోసిన కత్తి మీద సాంబారు గిన్నె, దాని పక్కన ఊరగాయ చెంచా, పైన ఇనుప మూకుడు. ఉప్పులోని క్లోరైడు ఆ సన్నని పొరను ఒక్క బిందువు దగ్గర ఛేదిస్తుంది, పులుపు తోడైతే పని ఇంకా సులువు. గుంట మొదలయ్యాక దాని అడుక్కి ఆక్సిజన్ అందదు, పొర తిరిగి అల్లుకోదు, లోపలి తడి నానాటికీ ఆమ్లంగా మారి లోతు పెరుగుతుంది. పైకి సూదిమొనంత చుక్కే కనిపిస్తుంది. మూకుడు నుంచి, ఇనుప పీచు నుంచి రాలిన రజను కత్తికి అంటుకుని తాను తుప్పు పట్టి ఆ నింద కత్తి మీదికి తెస్తుంది. ఇదంతా జరగడానికి కొన్ని గంటలు చాలు, రాత్రి భోజనాలయ్యాక పొద్దున గిన్నెలు తోమేదాకా మన సింకులో గడిచే వ్యవధి అదే. అయినా చుక్క కనబడగానే సరిగ్గా తోమలేదని పనమ్మాయిని అంటాం. ఆవిడ చేతికి వచ్చేసరికే జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. ఆ మాట అనడం తప్పు, ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు చెప్పాల్సివచ్చినా చెబుతాను.

ఇనుప కత్తిపీటే మేలని ఇక్కడ చాలాసార్లు వాదించాను. పాఠకులకు తెలిసిన వాదనే. ఈసారి దాన్ని కొంత వెనక్కి తీసుకోవాలి. పచ్చి మామిడికాయనో అరటికాయనో మామూలు ఇనుముతో కోస్తే వాటిలోని టానిన్‌తో ఇనుము కలిసి ముక్క నల్లబడుతుంది. అక్కడ స్టెయిన్‌లెస్ అలుగే నయం. కత్తిపీట అన్నేళ్లు మన్నింది లోహం గొప్పతనం వల్ల కూడా కాదు. అది సింకులో పట్టదు కాబట్టి దాని ముందు కూర్చున్న మనిషే కడిగి, తుడిచి, గోడకు ఆనించేవారు. స్టీలు కత్తికి కావాల్సిందీ అంతే: కోసినవాళ్లే అప్పటికప్పుడు కడిగి, పొడిగుడ్డతో పిడి సందు దాకా తుడవడం. అంత తీరిక ఎవరికుందంటే, పది సెకన్ల పని అది. పైగా వంట చేసే ఒక్కరి నెత్తిన వేయాల్సిందీ కాదు, ఆపిల్ కోసుకున్న పిల్లాడికీ వర్తిస్తుంది. నూనె రాస్తే సరిపోదా అంటే, రోజూ వాడే స్టీలు కత్తికి దాని అవసరం లేదు. వంటనూనె నిలవుంటే జిగటగా మారి దుమ్ము పట్టిస్తుంది.

ఉన్న మరకల సంగతి తేలికే. బోరు నీళ్లు ఆరి వదిలిన తెల్లటి మచ్చలకు వెనిగర్ తడిపిన గుడ్డ చాలు. వెనిగర్ కూడా పులుపే, అందుకే రుద్దిన వెంటనే కడిగి ఆరబెట్టాలి. గోధుమరంగు చుక్కలకు వంటసోడా ముద్దతో అలుగు మెరుగు గీతల వెంబడే రుద్దాలి. ఇనుప పీచు వద్దు, బ్లీచింగ్ అసలే వద్దు. రంగు పోయాక వేలితో తడిమి చూడండి. నున్నగా తగిలితే అది పైపై మరకే. గరుకుగా తగిలితే గుంట పడినట్టు, తడి మళ్లీ అక్కడే నిలుస్తుంది. ఆ కత్తిని తుడిచే ప్రతిసారీ ముందు ఆ చోటే చూసుకోవాలి.