గొంతు రాసే క్యాలెండర్

మిలాన్‌లోని లా స్కాలా ఒపెరా హౌస్‌కు కొత్త ఏడాది డిసెంబరు 7న మొదలవుతుంది. నగర రక్షకుడిగా కొలిచే సెయింట్ ఆంబ్రోస్ పండుగ రోజది. ఆ సాయంత్రం ఆరింటికి తెర లేచిందంటే మరుసటి శరత్తు వరకూ ఒపెరాలు, బాలేలు, కచేరీలు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. రాబోయే సీజన్ వివరాలను వేసవి ముదరకముందే ప్రకటిస్తారు. పత్రికలు వెంటనే పెద్ద పేర్లు ఏరుకుంటాయి: ఫలానా సొప్రానో వస్తోంది, ఫలానా దర్శకుడు మళ్ళీ వచ్చాడు అని. ఆ జాబితాలో అంతకంటే ఆసక్తికరమైన సంగతి తేదీల్లో ఉంటుంది. ఏ సాయంత్రం ఒపెరా, ఏ సాయంత్రం బాలే, ఏ రోజు కచేరీ అన్నది ఇష్టమొచ్చినట్టు వేసిన వరస కాదు. దాన్ని చాలావరకు నిర్ణయించేది మనిషి గొంతు.

ఈ థియేటర్ పుట్టుకకు కారణం ఒక అగ్నిప్రమాదం. 1776లో మిలాన్ పాత డ్యూకల్ థియేటర్ కాలిపోయింది. అందులో బాక్సులున్న ధనిక కుటుంబాలే కొత్త భవనానికి ఖర్చు భరించాయి. అప్పట్లో మిలాన్ ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది. సాంతా మరియా అల్లా స్కాలా అనే చర్చి ఉన్న చోట జూసెప్పె పియెర్మరీని కట్టిన ఈ థియేటర్ 1778 ఆగస్టు 3న సలియేరి ఒపెరాతో తెరుచుకుంది. ఆ రోజుల్లో బాక్సులు సొంత ఆస్తులు. అక్కడే భోజనాలు, కబుర్లు, బయటి హాల్లో జూదం. పాట నచ్చితే వినేవారు, లేకపోతే లేదు. చీకట్లో నోరు మెదపకుండా కూర్చుని వినడమన్నది చాలా తర్వాత వచ్చిన అలవాటు. దాన్ని ఇక్కడ బలవంతంగా నేర్పింది కండక్టర్ ఆర్తురో తొస్కనీని. హాల్లో దీపాలు ఆర్పించాడు, ఆడవాళ్ళ పెద్ద టోపీలు తీయించాడు.

డిసెంబరు 7 కూడా అనాదిగా వస్తున్న తేదీ కాదు. పూర్వం ప్రధాన సీజన్ క్రిస్మస్ మర్నాడు, డిసెంబరు 26న మొదలయ్యేది. బెల్లీని ‘నోర్మా’ తొలి ప్రదర్శన 1831లో ఆ రోజే జరిగింది. 1951లో విక్టర్ డి సబాటా సంగీత నిర్వహణలో, మరియా కల్లాస్ నాయికగా, వెర్డి ‘సిసిలియన్ వెస్పర్స్’తో ఆరంభ దినం ఆంబ్రోస్ పండుగకు మారింది. అప్పటి నుంచి ఇటలీలో ఆ సాయంత్రానికి ఉన్న హోదా వేరు. దేశాధ్యక్షుడు రాచబాక్సులో కూర్చోవడం ఆనవాయితీ. 1968లో విద్యార్థులు బయట నిలబడి, ఖరీదైన బొచ్చు కోట్లలో దిగుతున్నవాళ్ళ మీద కోడిగుడ్లు విసిరారు. ఆరంభ రాత్రి మంచి టికెట్ ధర మూడు వేల యూరోలు దాటిన ఈ కాలంలోనూ బయటి కూడలిలో నిరసనలు మామూలే.

ఇక తేదీల సంగతి. ప్రపంచంలో ఒపెరా హౌసులు ప్రధానంగా రెండు పద్ధతుల్లో నడుస్తాయి. వియన్నా స్టేట్ ఒపెరాది రిపర్టరీ పద్ధతి. ఇవాళ మొజార్ట్ అయితే రేపు పుచ్చీని, ఎల్లుండి వాగ్నర్. ఏడాదిలో యాభై దాకా ఒపెరాలు తిరుగుతుంటాయి. పాత సెట్లు గోదాముల్లో సిద్ధంగా ఉంటాయి, పాత నిర్మాణాలకు రిహార్సల్స్ బహు తక్కువ. లా స్కాలాది స్తజోనె పద్ధతి. ఒక ఒపెరాను కొన్ని వారాలు రిహార్సల్ చేసి, మూడు నాలుగు వారాల వ్యవధిలో ఆరు నుంచి ఎనిమిది సార్లు వేసి, సెట్టు విప్పేస్తారు. ఏడాదికి డజను పైచిలుకు ఒపెరాలకు మించవు. వియన్నాలో వారం రోజులుంటే నాలుగైదు ఒపెరాలు చూడొచ్చు. మిలాన్‌లో రెండు దొరికితే అదృష్టం. కానీ ఆ రెండింటిలోనూ కోరస్‌లో ఎవరెక్కడ నిలబడాలో, ఏ మాట మీద తల తిప్పాలో అంతా ఆ బృందం మధ్యే కుదిరి ఉంటుంది. ఒపెరాను నాటకంగా కూడా చూడాలనుకునే వారికి ఈ రెండో పద్ధతే మేలు.

ఒకే ఒపెరాను వరసగా ఏడు రాత్రులు వేసి ముగించవచ్చు కదా అన్న ప్రశ్న రావడం సహజం. కుదరదు. ఒపెరా గాయకులకు మైకు ఉండదు. ఎదురుగా డెబ్బై ఎనభై మంది ఆర్కెస్ట్రా, దాన్ని దాటి రెండు వేల మంది కూర్చున్న హాలు, పై అంతస్తులో చివరి బెంచీ. అక్కడికి గొంతు చేరడానికి బిగ్గరగా అరవడం దారి కాదు. ఆర్కెస్ట్రా శబ్దంలో బలమంతా కింది స్థాయుల్లో, ముఖ్యంగా 500 హెర్ట్జ్ పరిసరాల్లో ఉంటుంది. సాధన చేసిన గాయకుడు స్వరపేటికను కిందికి దించి, దాని పైభాగాన ఉన్న నాళాన్ని ఒక పద్ధతిలో మలుచుకుని 3,000 హెర్ట్జ్ దగ్గర ధ్వనిని పోగేస్తాడు. ఆ చోట వాయిద్యాల బలం తక్కువ. మనిషి చెవికి సున్నితత్వం ఎక్కువ. స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుంద్‌బెరి దీన్ని కొలిచి చూపించాడు. ముఖ్యంగా మగ గొంతుల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంతటి పనిని మూడు గంటల పాటు చేసిన స్వరతంత్రులు మర్నాడు మళ్ళీ అదే పని చేయలేవు. పెద్ద పాత్రలు పాడేవారికి మధ్యలో రెండు రోజుల విరామం కావాలి. అందుకే డిసెంబరు 7 తర్వాత రెండో ప్రదర్శన సాధారణంగా 10న, మూడోది 13న ఉంటుంది. ఆ ఖాళీ సాయంత్రాల్లో థియేటర్ మూసి ఉంచితే నష్టం. బాలే, కచేరీలు ఆ చోటును భర్తీ చేస్తాయి. రంగస్థల సిబ్బంది అర్ధరాత్రి దాటాక ఒక సెట్టు విప్పి, తెల్లారేసరికి రిహార్సల్ కోసం మరో సెట్టు నిలబెడతారు. 2002 నుంచి 2004 వరకు జరిగిన పునర్నిర్మాణంలో వాస్తుశిల్పి మారియో బొట్టా వేదిక పైన కట్టిన కొత్త టవర్ ప్రధానంగా ఈ మార్పిడి వేగం పెంచడానికే. పాత పైకప్పుల మీద ఆ కొత్త కట్టడం తలెత్తడాన్ని కొందరు అప్పట్లో గట్టిగా వ్యతిరేకించారు. బయటి నుంచి చూస్తే వారి అభ్యంతరంలో న్యాయం లేకపోలేదు. లోపల పనిచేసేవారికి అది లేనిదే గడవదు.

సెట్లు, దుస్తులు థియేటర్లో తయారు కావు. ఊళ్ళోనే అన్సాల్డో ఉక్కు కర్మాగారపు పాత షెడ్లలో వడ్రంగులు, కమ్మరులు, శిల్పులు, చిత్రకారులు, దర్జీలు పనిచేస్తుంటారు. తెరల మీద బొమ్మలు వేసేవారు గుడ్డను నేల మీద పరిచి, దాని మీద నడుస్తూ, పొడుగు కర్రకు కట్టిన కుంచెలతో రంగు వేస్తారు. దగ్గర నుంచి చూస్తే అదంతా మరకల్లా ఉంటుంది. ఇరవై మీటర్ల దూరం నుంచి చూసినప్పుడే అది గోడో, అడవో అవుతుంది. గాయకులు సంగీతాన్ని కంఠస్థం చేసుకునే వస్తారు. మొదట పియానో మీద, తర్వాత హాల్లో కదలికలతో సాధన సాగుతుంది. ఆ పైన ‘ఇటాలియన్ పద్ధతి రిహార్సల్’ అనే ఘట్టం ఒకటుంది. గాయకులు అభినయం లేకుండా కుర్చీల్లో కూర్చుని, మొదటిసారి పూర్తి ఆర్కెస్ట్రాతో పాడతారు. సంగీతం నిజంగా కుదిరిందీ లేనిదీ తేలిపోయేది అక్కడే.

కుదరని రోజులూ ఉంటాయి. అందుకోసం ముఖ్య పాత్రలకు బదులు గాయకుల్ని సిద్ధంగా ఉంచుతారు. వాళ్ళ పేర్లు పోస్టర్ల మీద కనిపించవు. 2006 డిసెంబరు 10న ‘ఐదా’ రెండో ప్రదర్శనలో టెనర్ రొబెర్తో అలాన్యా మొదటి పాట ముగించగానే పై గ్యాలరీ నుంచి ఈలలు, కేకలు వినిపించాయి. అతను ఒక్క సెలవు సంజ్ఞ చేసి వేదిక దిగి వెళ్ళిపోయాడు. కండక్టర్ రిక్కార్దో షాయీ ఆర్కెస్ట్రాను ఆపలేదు. కొద్ది క్షణాల్లో అంతోనెల్లో పలోంబి వచ్చి పాట అందుకున్నాడు. ఆ పాత్ర ఒక సేనాపతిది; ప్రాచీన ఈజిప్టు సెట్టు మధ్య అతని ఒంటి మీద వీధిలో వేసుకునే మామూలు బట్టలున్నాయి. మార్చుకోవడానికి వ్యవధి ఏది? ఆ రాత్రి జనం అలాన్యా గురించి మాట్లాడుకున్నారు. వృత్తి తెలిసినవారు మాత్రం పలోంబి గురించే మాట్లాడుకుని ఉండాలి.

ఆ కేకలు పుట్టే చోటును లొజ్జోనె అంటారు. అన్నిటికంటే పైన, అన్నిటికంటే చవగ్గా ఉండే గ్యాలరీలు. అక్కడ కూర్చునేవారిలో ఒకే ఒపెరాను ఏళ్ళ తరబడి పదుల సార్లు విన్నవాళ్ళుంటారు. వాళ్ళ తీర్పులు ఎప్పుడూ న్యాయంగా ఉంటాయని చెప్పలేం. గాయకుడు స్వరం ఎత్తకముందే వేటు వేసిన సందర్భాలున్నాయి. నచ్చితే మాత్రం చప్పట్లు ఆపరు. మన పద్యనాటకాల్లో ‘వన్స్ మోర్’ అన్న కేక పడగానే నటుడు రాగం మళ్ళీ అందుకోవడం తెలుగు ప్రేక్షకులకు కొత్త కాదు. లా స్కాలాలో మాత్రం నాటకం తెగిపోతుందని తొస్కనీని ఆ అలవాటును మాన్పించాడు. 1933లో రష్యన్ గాయకుడు షల్యాపిన్ ఒక పాటను రెండోసారి పాడిన తర్వాత, 2007లో హువాన్ దియేగో ఫ్లోరెస్ దొనిజెత్తి ఒపెరాలోని తొమ్మిది తారస్థాయి ‘సి’ స్వరాల పాటను మళ్ళీ పాడే దాకా, ఒంటరి గాయకుడెవరికీ ఆ భాగ్యం దక్కలేదు. నాటకం నిజంగా తెగిపోతుంది. అయినా ఆ సాయంత్రం ఎవరూ ఫిర్యాదు చేసి ఉండరు.

ఏ ఒపెరాలు ఎంచుకోవాలన్నది మరో లెక్క. ‘నబుక్కో’ నుంచి ‘ఫాల్‌స్టాఫ్’ దాకా వెర్డి ప్రధాన రచనలు కొన్ని ఇక్కడే పుట్టాయి కాబట్టి వెర్డి లేని సీజన్ ఊహించలేం. వార్షికోత్సవాలు కొన్ని తేదీలను ముందే రిజర్వు చేస్తాయి. పుచ్చీని అసంపూర్తిగా వదిలి కన్నుమూసిన ‘తురందోత్’కు 1926 ఏప్రిల్ 25న ఇక్కడ తొలి ప్రదర్శన జరిగింది. ఆ రాత్రి తొస్కనీని, రచయిత కలం ఆగిన చోటే బ్యాటన్ కింద పెట్టేశాడు. 2026లో దానికి నూరేళ్ళు. షొస్తకోవిచ్ కన్నుమూసిన యాభయ్యో ఏట, 2025 డిసెంబరు 7కు ఎంచుకున్నది అతని ‘లేడీ మక్బెత్ ఆఫ్ మ్త్సెన్స్క్’. 1936లో స్టాలిన్ చూసి వెళ్ళాక ‘ప్రావ్దా’ పత్రిక దుమ్మెత్తిపోయగా సోవియట్ వేదికల మీద మాయమైన ఒపెరా ఇది. పండుగ రాత్రికి ఇంత కటువైన రచన పెట్టడానికి ధైర్యం కావాలి.

పాత బాకీ తీర్చిన సందర్భమూ ఉంది. 1904 ఫిబ్రవరి 17న ఇదే హాల్లో ‘మదామా బటర్‌ఫ్లై’ అల్లరిపాలైంది. పుచ్చీని దాన్ని వెనక్కి తీసుకుని, సవరించి, మే నెలలో బ్రెష్యాలో వేస్తే విజయం సాధించింది. లోకానికి తెలిసింది ఆ తర్వాతి పాఠాలే. 2016 డిసెంబరు 7న షాయీ ఆ ఓడిపోయిన మొదటి పాఠాన్నే మళ్ళీ వినిపించాడు. సీజన్ కూర్పు మీద పట్టున్నవాళ్ళు చేసే పని ఇది.

బాలేది ఖాళీలు పూరించే పని మాత్రమే అనుకుంటే పొరపాటు. లా స్కాలా నృత్య పాఠశాల 1813లో మొదలైంది. కార్లో బ్లాసిస్, ఆ తర్వాత ఎన్రీకో చెక్కెత్తి అక్కడ నేర్పారు. పంతొమ్మిదో శతాబ్దం చివర సెయింట్ పీటర్స్‌బర్గ్‌ను ఆశ్చర్యపరిచిన ఇటాలియన్ నర్తకి పియెరీనా లెన్యానీ మిలాన్‌లో తయారైన మనిషే. ట్రాము డ్రైవర్ కూతురైన కార్లా ఫ్రాచ్చి ఆ బడి నుంచే ఇరవయ్యో శతాబ్దపు పెద్ద తారగా ఎదిగింది. ఈ థియేటర్ వేసే బాలేల్లో భారతదేశంలో నడిచే కథ ఒకటుంది: ‘లా బయదేర్’. 1877లో నృత్యకర్త పెతిపా రష్యాలో కూర్చినది. నికియా అనే దేవాలయ నర్తకి కథ. కూచిపూడి చూసిన కళ్ళకు అందులో భారతీయ నృత్యమన్నది ఎక్కడా కనిపించదు. ‘ఛాయల రాజ్యం’ ఘట్టంలో తెల్లని దుస్తుల నర్తకీమణులు ఒక్కొక్కరే, ఒకే భంగిమను మళ్ళీ మళ్ళీ చేస్తూ వాలు మీద నుంచి దిగడం మాత్రం, దేశం సంగతి మరిచిపోయి చూడదగ్గది.

ఇక కచేరీలు. వేదిక ముందున్న గుంటలో ఒపెరాకు వాయించే సంగీతకారులే సింఫనీలూ వాయించాలన్న ఉద్దేశంతో కండక్టర్ క్లౌదియో అబ్బాదో 1982లో లా స్కాలా ఫిలార్మొనిక్‌ను స్థాపించాడు. దాని కచేరీలు ఎక్కువగా సోమవారాల్లో ఉంటాయి. రాత్రి తర్వాత రాత్రి గాయకుడి ఊపిరిని గమనిస్తూ వాయించిన ఆర్కెస్ట్రా కావడంతో, సింఫనీలో సైతం వాళ్ళ తీగవాద్యాలు పాడుతున్నట్టే వినిపిస్తాయి. ఈ హాల్లో కచేరీలకు ఉన్న చరిత్ర తక్కువదేమీ కాదు. 1943 ఆగస్టు బాంబుదాడిలో పైకప్పు కూలిన థియేటర్‌ను 1946 మే 11న మళ్ళీ తెరిచింది ఒపెరాతో కాదు, అమెరికా ప్రవాసం నుంచి తిరిగొచ్చిన తొస్కనీని కచేరీతో.

మిలాన్ వెళ్ళే తెలుగువారు ఇప్పుడు తక్కువేమీ కాదు. చదువులకు, ఉద్యోగాలకు అక్కడ ఉంటున్నవారూ ఉన్నారు. డిసెంబరు 7 టికెట్ కోసం ఆరాటపడనక్కర్లేదు. ఆ సాయంత్రం సగం హాలు ఒకరినొకరు చూసుకోవడానికే వస్తుంది. అదే నిర్మాణాన్ని కొన్ని రోజుల ముందు ముప్పై ఏళ్ళలోపు వారి కోసం చవకగా వేస్తారు. వయసు కలిసొస్తే అది వదులుకోకూడదు. లేదంటే ఫిబ్రవరిలో ఏదో ఒక మామూలు వారం చూసుకుని, పై గ్యాలరీలో సీటు తీసుకోవాలి. సీటు ముందున్న చిన్న తెర మీద పాటల అర్థం ఇంగ్లీషులో వస్తుంది కాబట్టి ఇటాలియన్ రాదన్న బెంగ అక్కర్లేదు. కొన్ని సీట్ల నుంచి వేదిక సగమే కనిపిస్తుంది. పాట మాత్రం ఆ చివరి బెంచీ వరకూ పూర్తిగా వినిపిస్తుంది.