మోకాటి లోతు నీళ్లు

జూన్ నెల వచ్చిందంటే కెనడా పత్రికలు ఆ వేసవికి మేటి పది బీచ్‌ల జాబితాలు అచ్చువేయడం ఏటా తప్పని తంతు. ఈ వారం కంటబడిన వాటిలో ఒకటి ఒంటారియో ప్రావిన్స్ బీచ్‌లను దక్షిణ స్పెయిన్‌లోని కోస్తా దెల్ సోల్‌తో పోల్చి, ఒకటి మొదలు పది దాకా అంకెలు వేసి, ఒక్కొక్కదానికి నక్షత్రాలు కూడా కట్టబెట్టింది. ఆవకాయలకు మార్కులు వేయడాన్నీ, పుణ్యక్షేత్రాలకు ర్యాంకులు ఇవ్వడాన్నీ లోగడ తప్పుపట్టి, కొందరు పాఠకుల చేత చీవాట్లు కూడా తిన్న ఈ కాలమ్‌కు బీచ్‌ల వరుసక్రమం ఆ కోవకే చెందిన వృథా ప్రయాసగా తోచడంలో వింత లేదు. గుడి నిన్న ఉన్నచోటే ఈరోజూ ఉంటుంది. బీచ్ మాత్రం పేరు మారకుండానే నిన్న ఒకటిగానూ, ఈరోజు మరొకటిగానూ ఉంటుంది కాబట్టి, దానికి వేసిన అంకె ఏ రోజుకు వేసినదో చెప్పకపోతే ఆ అంకెకు అర్థమే లేదు.

కోస్తా దెల్ సోల్ అంటే సూర్యతీరం అని అర్థం. స్పెయిన్ దక్షిణాన మలగా నగరానికి అటూ ఇటూ మధ్యధరా సముద్రాన్ని ఆనుకొని సాగే తీరానికి అది పేరు, బాపట్ల దగ్గరి సూర్యలంకకు దూరపు చుట్టం పేరులా వినబడుతుంది. అక్కడివారు బీచ్‌కు బయలుదేరే ముందు బీచ్ పేరుకన్నా గాలి పేరు ముందు అడుగుతారు. తూర్పు నుంచి వచ్చే గాలికి లెవాంతే, పడమటి నుంచి వచ్చేదానికి పోనియెంతే, కొండల మీదుగా నేలవైపు నుంచి దిగివచ్చే వేడిగాలికి తెర్రాల్ అని వారి వాడుక. తెర్రాల్ వీచిన రోజు ఒడ్డున నిలబడితే ఒళ్లు కాలిపోతుంది, నీటిలో కాలు పెడితే జివ్వుమంటుంది. ఎండాకాలంలో కోస్తా జిల్లాలను ఉడికించే పడమటి గాలి తెలిసినవారికి తెర్రాల్ సగం అర్థమైనట్టే. ఒడ్డు ఉడుకుతున్న రోజునే నీరు చల్లబడడమే అర్థం కావలసిన మిగతా సగం.

దానికి కారణం అడుగునీరు పైకి రావడం. గాలి ఒడ్డు నుంచి లోపలికి వీస్తే పైపొరలోని వెచ్చని నీటిని తనతో తోసుకుపోతుందన్నది ఊహకు అందే విషయమే. గాలి ఒడ్డు వెంబడి వీచినప్పుడు మాత్రం అది తోసిన నీరు గాలి వెంట నేరుగా పోక, భూభ్రమణ ప్రభావం వల్ల ఉత్తరార్ధగోళంలో కుడివైపుకు ఒరుగుతుంది. ఒడ్డు ఎడమచేతి వైపున ఉంటే ఆ నీరు ఒడ్డును విడిచి లోపలికి జరిగిపోతుంది, ఆ ఖాళీని అడుగునున్న చల్లని నీరు పైకి వచ్చి నింపుతుంది. కాబట్టి గాలికి వీపు పెట్టి నిలబడి, ఒడ్డు ఎడమచేతి వైపు ఉందో కుడిచేతి వైపు ఉందో చూసుకుంటే సగం బీచ్ శాస్త్రం అబ్బినట్టే.

తెలుగువారు ఈ సంగతి నేర్చుకోవడానికి స్పెయిన్ దాకా పోనక్కరలేదు. వేసవి నెలల్లో విశాఖ తీరం వెంబడి నైరుతి గాలి వీచినప్పుడు ఒడ్డు సరిగ్గా ఎడమచేతి వైపే ఉంటుంది. పైన మండుటెండ కాస్తున్నా నీరు చల్లబడుతుంది, అడుగునీటితో పాటు పోషకాలూ పైకి వచ్చి చేపలకు మేత పెరుగుతుంది. అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ 1950ల్లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, అక్కడి పరిశోధకులతో కలిసి తూర్పు తీరంలో నీరు ఇలా పైకి లేవడాన్నీ, రుతువు మారాక కిందికి కుంగడాన్నీ కొలిచి గ్రంథస్థం చేశాడు. ఆ విశ్వవిద్యాలయం కొండ మీద నుంచి కనబడే నీళ్ల మీదే జరిగిన ఆ పని గురించి విశాఖలో ఇప్పుడు ఎందరికి తెలుసన్నది వేరే ప్రశ్న. ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న కంకుల ధర మాత్రం అందరికీ తెలుసు.

టొరంటోకు వచ్చేసరికి సముద్రం స్థానంలో సరస్సు ఉంటుంది. నగరం ఒంటారియో సరస్సుకు ఉత్తరపు ఒడ్డున ఉంది కాబట్టి పడమటి గాలి వీచినప్పుడు ఒడ్డు ఎడమచేతి వైపే పడుతుంది. ఆ సరస్సు గరిష్ఠ లోతు 244 మీటర్లు. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది కనుక అడుగున నిండు వేసవిలో కూడా దాదాపు అదే చల్లదనం నిలిచి ఉంటుంది. పడమటి గాలి ఒకటి రెండు రోజులు గట్టిగా వీస్తే, వుడ్‌బైన్ బీచ్‌లో 20 డిగ్రీలు ఉన్న నీరు 10 లోపుకు పడిపోగలదు, అదీ ఆకాశంలో ఒక్క మబ్బుతునక లేని జూలై మధ్యాహ్నాన. ఈ దెబ్బ టొరంటో ఏనాడో తిన్నది: 1922లో సన్నీసైడ్ బీచ్‌లో బట్టలు మార్చుకునే గదులతో అందమైన స్నానమంటపం కట్టించారు, తరువాతి వేసవుల్లో సరస్సు నీరు మనుషులు దిగలేనంత చల్లగా ఉండిపోయింది, చివరకు 1925లో సరస్సుకు కూతవేటు దూరంలోనే పెద్ద ఈతకొలను తవ్వించవలసి వచ్చింది. చెరువు గట్టున బావి తవ్వించినట్టున్న ఆ రెండు కట్టడాలూ నేటికీ పక్కపక్కనే ఉన్నాయి.

తూర్పు గాలి దీనికి తిరగబడి పనిచేస్తుంది, వెచ్చని నీటిని ఒడ్డుకు చేరుస్తుంది. అయితే దక్షిణ ఒంటారియోలో తూర్పు గాలి తరచు మబ్బునూ వాననూ వెంటబెట్టుకొని వస్తుంది. వాన పడితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పాత టొరంటో పేటల్లో వాననీరూ మురుగునీరూ ఒకే గొట్టంలో ప్రవహిస్తాయి, పెద్ద వానకు ఆ గొట్టం పొంగి సరస్సులోకి వదులుతుంది. అందుకే భారీ వాన తరువాత 48 గంటలు నీటిలోకి దిగవద్దని ఆరోగ్యశాఖవారు చెబుతారు, హంబర్ వంటి నదులు కలిసేచోట ఆ మాటను మరింత పట్టించుకోవాలి. మలం వల్ల నీరు చెడిందో లేదో చెప్పే ఇ. కోలై అనే సూక్ష్మజీవి 100 మిల్లీలీటర్లకు 100 దాటితే ఆ బీచ్ ఈతకు పనికిరాదని టొరంటో నగరం ప్రకటిస్తుంది. ఒంటారియో ప్రావిన్స్ అంగీకరించిన హద్దు 200. పరీక్ష రోజూ జరుగుతుంది గాని, ఆ జీవులు పెరిగి లెక్కకు అందడానికి దాదాపు ఒక రోజు పడుతుంది గనుక ఈరోజు బోర్డు మీద కనబడే ఫలితం నిన్నటి నీటి జాతకం.

ఇంత దాకా వచ్చాక ఈ కాలమ్ మెచ్చే బీచ్ ఏదో కూడా చెప్పక తప్పదు. జార్జియన్ అఖాతం ఒడ్డున 14 కిలోమీటర్లు సాగే వసాగా బీచ్ ప్రపంచంలోకెల్లా పొడవైన మంచినీటి బీచ్‌గా పేరుపొందింది. ఎంతో దూరం నడిచినా మొలలోతు దాటని వాలు దానిది, లోతు తక్కువ కాబట్టి నీరు త్వరగా వెచ్చబడుతుంది. అక్కడి తడి ఇసుక ఎంత గట్టిదంటే, 1934 ఆగస్టు 8న ట్రెయిల్ ఆఫ్ ది కారిబూ అనే పేరుగల రెండంతస్తుల రెక్కల విమానం దాన్నే రన్‌వేగా వాడుకొని లేచి, బాగ్దాద్ చేరాలనుకొని ఇంధనం చాలక లండన్ శివార్లలో దిగి, కెనడా ప్రధాన భూభాగం నుంచి బ్రిటన్‌కు ఆగకుండా ఎగిరిన తొలి విమానం అనిపించుకుంది. ఇంతకన్నా మంచి కథ ఏ జాబితాలోనూ కనబడదు. అయితే అదే ఇసుకలో పైపింగ్ ప్లోవర్ అనే పిడికెడంత పిట్ట, అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నది, చిన్న గుంట చేసుకొని గుడ్లు పెడుతుంది. అలలు తెచ్చి పడేసిన నాచులోని పురుగులే దాని ఆహారం. యంత్రంతో దువ్వి నున్నగా చేసిన ఇసుక విహారయాత్రికుడికి శుభ్రంగా కనిపిస్తే, ఆ పిట్టకు ఖాళీ విస్తరిగా కనిపిస్తుంది. ఆ బీచ్‌లో కొంత భాగాన్ని ప్రావిన్షియల్ పార్కు నుంచి పట్టణానికి అప్పగించాలని 2025లో ప్రభుత్వం ప్రతిపాదించినప్పుడు లేచిన అభ్యంతరాల్లో ఈ పిట్ట పేరు వినబడడం అందుకే.

నీటినీ గాలినీ చదవడం వచ్చినవారికి జాబితాలతో పని లేదు అని ఇక్కడితో ముగించి ఉంటే ఈ వారం పని సులువుగా తేలిపోయేది. అడ్డుపడింది నీలి జెండా. బ్లూ ఫ్లాగ్ అనే ఈ గుర్తింపు 1985లో ఫ్రాన్స్‌లో మొదలైంది. కోపెన్‌హాగన్ కేంద్రంగా ఉన్న పర్యావరణ విద్యా సంస్థ 33 ప్రమాణాలు పెట్టి, వాటిని నెరవేర్చిన బీచ్‌లకు ఏటేటా ఇస్తుంది. స్పెయిన్ వద్ద 600కు పైగా ఉన్నాయి, టొరంటో బీచ్‌ల్లోనూ కొన్నిటికి ఉంది, విశాఖ రుషికొండకు 2020లో వచ్చింది. ఆ ప్రమాణాల్లో నీటి నాణ్యత ఒక భాగం మాత్రమే. మరుగుదొడ్లు, చెత్తకుండీలు, తాగునీరు, ప్రథమ చికిత్స, నడవలేనివారు చేరుకోగల దారి వంటివి చాలా ఉన్నాయి. 2025 ఆరంభంలో రుషికొండ కొన్ని వారాల పాటు ఆ జెండాను పోగొట్టుకుని మళ్లీ తెచ్చుకున్నప్పుడు వినవచ్చిన ఫిర్యాదులు కూడా చెత్త మీద, వీధికుక్కల మీద, పాడుబడ్డ మరుగుదొడ్ల మీద వచ్చినవే. జెండా సముద్రానికి ఇచ్చినట్టా, మరుగుదొడ్డికి ఇచ్చినట్టా అని వెటకారం చేయడం తేలిక, ఈ కాలమ్ ఆ పనికి సిద్ధపడింది కూడా.

కాని బ్రాంప్టన్ నుంచో మిస్సిసాగా నుంచో శనివారం పొద్దున్నే పులిహోర, దద్దోజనం డబ్బాలతో బయలుదేరిన తెలుగువారి బండిలో నిజంగా ఈదేవారు ఎందరు? సముద్రాన్ని పర్వదినాల్లో తప్ప తాకరాదని నమ్మిన పెద్దల సంతతి ఇది. కార్తీక పౌర్ణమికి సూర్యలంకలోనో, బందరు దగ్గరి మంగినపూడిలోనో మూడు మునకలు వేసి ఒడ్డెక్కడమే వారికి తెలిసిన సముద్ర స్నానం. నవంబరు చలికి వనభోజనాలను జూలైకి జరుపుకున్నారు గాని ఈతను మాత్రం అలవరచుకోలేదు. ఈత అలవడనివారు లోతుకు పోకపోవడమే మంచిది కూడా: సముద్రపు నీటిలో తేలినంత సులువుగా ఉప్పులేని నీటిలో దేహం తేలదు, ఆటుపోట్లు లేని సరస్సులోనూ గాలి రేపిన అలలు వెనక్కి లాగే ప్రవాహాలను పుట్టిస్తాయి, ఒంటారియో ప్రావిన్షియల్ పార్కుల బీచ్‌ల్లో కాపలా ఈతగాళ్లు ఉండరు. ఉత్తర అమెరికా సరస్సుల్లో తెలుగు విద్యార్థులు మునిగిపోయిన వార్తలు తెలుగు పత్రికలకు కొత్త కావు.

మోకాటి లోతు దాటనివారికి నీరు 10 డిగ్రీలైనా ఒకటే, 20 డిగ్రీలైనా ఒకటే. వారికి కావలసింది నీడనిచ్చే చెట్టు, పొయ్యి వెలిగించుకోనిచ్చే చోటు, పది దాటాక కూడా దొరికే పార్కింగ్, ఇసుక కడుక్కునే కుళాయి. వీటిని లెక్కగట్టి చెప్పే జాబితా ఉంటే, గాలివాటం మీద ఇంత ఉపన్యాసం ఇచ్చిన ఈ కాలమ్ కన్నా అదే మేలు.

కొన్ని బీచ్‌ల్లో చక్రాల కుర్చీలు ఇసుకలో దిగబడకుండా నీటి అంచు దాకా పొడవాటి చాప పరుస్తారు. ఊరి నుంచి కొడుకు దగ్గరకు వచ్చిన పెద్దావిడ, మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగడానికే ఆలోచించే మనిషి, అటువంటి చాప మీదుగా ఒకరి చేయి పట్టుకొని నడిచి, చివరన చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకొని నీటిలో నిలబడుతుంది. అలవాటు చొప్పున దోసిట్లోకి తీసుకున్న నీటిని నాలుకకు తగిలించుకొని, "ఉప్పు లేదేమిటే అమ్మాయీ?" అని కోడలి వంక అనుమానంగా చూస్తుంది. అయినా ఎందుకైనా మంచిదని మూడుసార్లు నెత్తిన చల్లుకుంటుంది, ఆపైన బాత్రూమ్ ఎటువైపని అడుగుతుంది.