షేలు వాయువు: రెండు నివేదికలు, రెండు లెక్కలు

కృష్ణా–గోదావరి బేసినులోని షేలు రాళ్ళలో సహజవాయువు ఎంత కలదు? ఈ ప్రశ్నకు అమెరికా ప్రభుత్వ సంస్థలు రెండు ఇచ్చిన జవాబులు పొంతన లేనివి. అచ్చటి భూగర్భ సర్వే తన 2011 నాటి అంచనాలో ముంబాయి, కావేరి, కృష్ణా–గోదావరి ప్రాంతములు మూడింటికి కలిపి, వెలికి తీయదగిన వాయువు సగటున 6.1 లక్షల కోట్ల ఘనపుటడుగులని తేల్చినది. 2013లో శక్తి సమాచార సంస్థ ప్రకటించిన నివేదిక ఒక్క కృష్ణా–గోదావరికే 57 లక్షల కోట్లు చూపినది. చదివిన విద్యార్థి, ఎవరో ఒకరు గుణకారములో తప్పినారని అనుకొనును. గుణకారము తప్పలేదు.

మొదట గమనింపవలసినది, ఈ రెండు లెక్కలు ఒకే రాతివి కావు. పెద్ద లెక్క పెర్మియన్–ట్రయాసిక్ యుగముల షేలుకు, అనగా మండపేట ప్రాంతమున మిక్కిలి లోతున నున్న పాత పొరలకు సంబంధించినది. చిన్న లెక్కలోని గోదావరి భాగము, అంతకు ఎన్నో కోట్ల ఏండ్ల తరువాత క్రెటేషియస్ యుగమున పేరుకొన్న రాఘవపురము షేలుది. ఈ సంగతి చెప్పక రెండంకెలను పక్కపక్కన వేయుట, వరిపంటను జొన్నపంటతో పోల్చి ఏ రైతు గొప్పవాడని అడుగుట వంటిది.

లెక్కించిన తీరులును వేరు. పెద్ద నివేదిక పొర విస్తీర్ణమును, మందమును, రాతిలోని సేంద్రియ కర్బనమును, పీడనమును తీసికొని, రాతిలో నున్న మొత్తము 381 లక్షల కోట్లని అంచనా వేసి, అందులో నూటికి 15 వంతులు పైకి రాగలదనినది. 381లో 15 శాతము వేసి చూచిన 57 వచ్చును. ఆ 15ను 10గా మార్చిన 38 మాత్రమే మిగులును! భూగర్భ సర్వే అట్లు చేయలేదు. ఒక్కొక్క బావి ఎంత ఈయగలదో అమెరికాలోని షేలు బావుల అనుభవమునుబట్టి ఊహించి, ఒకే అంకెను గాక సంభావ్యతల పరిధిని కూడ ఇచ్చినది. వినయము ఈ రెండవ పద్ధతిలోనే ఎక్కువ. కాని పరదేశపు రాతి అనుభవము మన రాతికి ఎంతవరకు చెల్లునను ప్రశ్న దీనికిని తప్పదు.

ఈ అంకెల వెనుకనున్న రసాయనమును బోధించుటకు కోరుట్ల వంటి ఊరు అనువుగా లేదనిపించును. ఆ పట్టణపు అడుగున నున్నది గ్రానైటు జాతి ప్రాచీన శిల. అందు జీవపదార్థము వెదకుట వృథా. అయినను కథలోని మొదటి ఘట్టము అచ్చటి చెరువులలోనే కానవచ్చును. 2015లో మిషన్ కాకతీయ ఆరంభమైన పిమ్మట రైతులు బండ్లతో పొలములకు తోలుకొన్న పూడికమట్టి నల్లగా నుండుటకు, చేలకు బలమిచ్చుటకు ఒక కారణము, గాలి సోకని నీటి అడుగున కుళ్ళకుండ మిగిలిన ఆకు, నాచు మొదలైన జీవపదార్థమే. అట్టి బురద కోట్ల ఏండ్లు పూడుకొని గట్టిపడిన షేలగును. (కొందరు షేలును పలకరాయి అని తెలిగించుచున్నారు. అది సరికాదు. పలకరాయి, షేలు ఇంకను నలిగి మార్పు చెందగా ఏర్పడిన వేరు శిల.)

నల్లని రంగు చాలదు. రాతిలో సేంద్రియ కర్బనము నూటికి రెండు వంతులైన నుండుట మేలు. అదియు తగినంత ఉడుకవలెను. ఎంత ఉడికినదో బొగ్గు రేణువులు చెప్పును. నునుపు చేసిన విట్రినైటు రేణువుపై పడిన వెలుగులో నూటికి సుమారు 0.6 వంతు తిరిగి వచ్చిన, చమురు పుట్టుట ఆరంభమైనదని గుర్తు. పొడి వాయువునకు 1.3 దాటవలెను.

కోరుట్లకు తూర్పున రామగుండము వైపు సాగు ప్రాణహిత–గోదావరి లోయలో షేలు లేకపోలేదు. బొగ్గున్నచోట వాయువు కూడ నుండునని ఊహించుట సులభము. కాని 2013 నివేదిక, పరిపక్వత గాని సమాచారము గాని చాలని బేసినులలో దీనిని చేర్చి లెక్క కట్టక వదలినది. ఇది తీసివేయదగిన మాట కాదు. సింగరేణి బొగ్గు కోకు తయారగు జాతిది కాదని మన పాఠములే చెప్పుచున్నవి. బొగ్గు అంత ఉడుకకున్న, దాని ప్రక్కనే పూడిన షేలు మాత్రము ఎట్లు ఉడికియుండును? తెలంగాణ ఉపాధ్యాయునికి ఈ నివేదికలో అత్యంత విలువైన పాఠము ఇదియే. కాని అంకెల పట్టికలో దానికి చోటు లేదు.

మొత్తపు అంకెలు మాత్రమే చదువువారు గమనింపవలసిన సంగతి మరియొకటి కలదు. షేలులో క్వార్ట్జు, కాల్షియం కార్బనేటు ఎక్కువైన అది నీటి ఒత్తిడికి పగిలి వాయువును విడుచును. బంకమన్ను ఎక్కువైన పగులక సాగును. పగిలినను మరల మూసికొనును. ఒకే వాయువును దాచుకొన్న రెండు రాళ్ళలో ఒకటి దానిని ఇచ్చును, రెండవది ఇవ్వదు. బంగాళములో దుర్గాపురము దగ్గరి ఇచ్ఛాపురమున 2011 జనవరిలో ఓఎన్‌జీసీ తవ్విన బావిలో గోండ్వానా షేలునుండి వాయువు పైకి వచ్చినది. దానినుండి వాణిజ్యోత్పత్తి మాత్రము ఆరంభము కాలేదు.