ఇసుకలో ఇనుప కాళ్లు

మా బోరబండలో కాస్త తవ్వగానే గునపం బండకు తగులుతుంది. ఆ ధీమాతోనే ఇక్కడి వెల్డింగ్ షాపులవాళ్లు షెడ్డు పైభాగం గురించి మాట్లాడినంతగా కాళ్ల గురించి మాట్లాడరు. ఆ షాపుల ముందు నిలబడి చూడటం నాకు అలవాటు. చూస్తుంటే మనసు బండ తగలని గోదావరి ఇసుక తీరం వైపు పోతుంది.

1867 జూన్ 19న అమెరికా యుద్ధనౌక శాక్రమెంటో గోదావరి ముఖద్వారం దగ్గర మెరకెక్కి నాశనమైంది. మనుషులంతా బతికి బయటపడ్డారు. ఓడ పేరు మాత్రం ఆ తీరానికి అంటుకుపోయింది; అక్కడి లైట్‌హౌస్ పేరు ఇప్పటికీ శాక్రమెంటోనే.

అలాంటి ఇసుకమేటల మీద, నీళ్ల మధ్య, దీపస్తంభం నిలబెట్టడం ఎలా? దారి చూపినవాడు బెల్‌ఫాస్ట్ ఇంజినీరు అలెగ్జాండర్ మిచెల్. ఆయనకు చూపు లేదు. ఇనుప కడ్డీ కొసకు వెడల్పాటి మర బిగించి ఇసుకలోకి తిప్పి దించే పద్ధతికి 1833లో పేటెంటు తీసుకున్నాడు. థేమ్స్ నది కడలిలో కలిసేచోట మాప్లిన్ ఇసుక మీద ఇలాంటివే 9 కాళ్లు దించారు. పనివాళ్లు గానుగెద్దుల్లా చుట్టూ తిరుగుతూ వాటిని తిప్పారు. కింద మర రెక్కలు ఇసుకను పట్టుకుంటాయి, పైన కాళ్ల సందుల్లోంచి అల దాటిపోతుంది. 1841లో వెలిగిన ఆ దీపం 1932లో గానీ కొట్టుకుపోలేదు.

బోస్టన్ దగ్గరి మైనట్స్ లెడ్జ్ కథ వేరు. అక్కడ ఉన్నది గట్టి రాయి. దానికి రంధ్రాలు తొలిచి ఇనుప కాళ్లు దిగేశారు. 1850 జనవరి 1న దీపం పెట్టారు. ఊగుతోందని కాపలాదారు మొత్తుకున్నాడు. 1851 ఏప్రిల్ తుపానులో ఆ స్తంభం కూలి, లోపలున్న సహాయకులిద్దరూ చనిపోయారు. పోలిక పూర్తిగా న్యాయం కాదులెండి. మాప్లిన్ దగ్గర నీళ్ల లోతు తక్కువ, మైనట్స్ లెడ్జ్‌ను అట్లాంటిక్ నేరుగా వచ్చి కొడుతుంది. అయినా నా లెక్కలో నమ్మలేని నేల మీద కట్టినవాడే ఎక్కువ జాగ్రత్తపడ్డాడు.

మేడ మీద రేకుల షెడ్డో, ట్యాంకు స్టాండో చేయించుకునేవాళ్లు రంగు సంగతి తర్వాత అడగండి. ముందు కాళ్ల కింద ప్లేటు ఎంత, బోల్టులు ఎన్ని, అడ్డబద్దీలు ఉన్నాయా అని అడగండి.