వెయ్యి వరహాల నీలం

వేసవి సెలవులకి ఉంగుటూరు వచ్చిన మా మనవడు సంచీలోంచి బట్టలకన్నా ముందు ఒక లావుపాటి పుస్తకం తీశాడు. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట ఆడించేవాడు చదువుకోవలసిన పుస్తకంట. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు బయటికి తెచ్చిన ఆట. నలుగురూ కూర్చుని, పాచికలేస్తూ, నోటితో కథ చెప్పుకుంటూ, రాక్షసుల గుహల్లో దూరి నిధులు తెచ్చుకోవడమన్నమాట. ‘పాతాళభైరవి’ చూసి పెరిగినవాణ్ణి, నాకిందులో కొత్తేముందిలే అనుకుంటూ నిధుల పేజీ తిప్పాను. అక్కడే ఆగిపోయాను.

రత్నాలకి ధరల పట్టీ ఉందండీ! మావాడి చేతిలోది 2014 నాటి ప్రతి. అందులో 10 బంగారు నాణేల నుంచి 5,000 దాకా ఆరు తరగతులు. వాళ్ల నాణేన్ని నేను వరహా అంటాను, నోటికి బావుంటుంది. మామూలు నీలం 1,000 వరహాలు. నక్షత్ర నీలం 1,000. పసుప్పచ్చ నీలం 1,000. నల్ల నీలం మాత్రం 5,000! దాన్ని తీసుకెళ్లి వజ్రం పక్కన కూర్చోబెట్టారు.

ఇదెక్కడి లెక్క? మన లోకంలో నీలాల్లో అగ్గువది నల్లదే. చిక్కటి నీలిరంగు ఉండి, వెలుగు చావకుండా ఉన్న కాశ్మీరు రాయికి మొక్కుతారు లోకమంతా. ఈ పుస్తకంలో మామూలు నీలం రంగు ఎలా ఉంటుందని రాశారంటే, తెలుపు కలిసిన నీలం నుంచి ఓ మోస్తరు నీలం దాకానట. ముదురు నీలం ఊసే లేదు. పెళ్లిచూపులకి పెద్దపిల్లని లోపల కూర్చోబెట్టి చిన్నపిల్లని చూపించినట్టుంది.

పసుపుదాన్ని నీలాల్లో కలపడం చూసి మొదట నవ్వొచ్చింది. మనం దాన్ని పుష్యరాగం అని గురుడికిచ్చాం, నీలాన్ని శనికిచ్చాం. కానీ ఈ విషయంలో వాళ్లదే రైటు. నీలం, పుష్యరాగం, కెంపు మూడూ ఒకే జాతి రాళ్లు. కాస్త క్రోమియం కలిస్తే కెంపు, ఇనుమూ టైటానియం కలిస్తే నీలం. ఆ జాతికి మన పేరు కురువిందం. ఇంగ్లీషువాళ్ల ‘కోరండం’ కూడా దక్షిణాది మాటల్లోంచి పోయిందే.

నా అసలు తగాదా వేరు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో కూడా బేరం చేసేవాడు బస్తాలో చెయ్యిపెట్టి, పాయ పైకి తీసి, తడి చూసి, సైజు చూసి గానీ ధర పలకడు. ఇక్కడ రాయి ఎంత బరువు, లోపల మరకుందా, ఎవడు సాన పట్టాడు అని అడిగే నాథుడు లేడు. నీలమా? వెయ్యి. పద.

ఈ మాటంటే మనవడు, “తాతయ్యా, 50 నాణేలు ఒక పౌండు బరువు. వెయ్యి నాణేలంటే 20 పౌండ్లు. గుహలోంచి మోసుకొస్తూ డ్రాగన్‌తో ఎవడు పోట్లాడతాడు? అందుకే రాళ్లు” అన్నాడు. అంటే ఇంచుమించు తొమ్మిది కిలోలు. నిజమే, నాకు తట్టలేదు. మన పెద్దవాళ్లు ఆస్తిని వేళ్లకీ మెడకీ పెట్టుకున్నదీ అందుకేగా!

అయినా వెల వేరు, విలువ వేరు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి ‘కాశీమజిలీ కథలు’ తీసుకోండి. దారిలో గోపుడు ఏదో వింత చూస్తాడు, అదేమిటో చెప్పమని పట్టుబడతాడు. మణిసిద్ధుడు తన మణి మహిమతో ఆ కథంతా చెబుతాడు. ఆ మణి ఖరీదెంతని గోపుడికే తోచదు, మనకూ తోచదు.

అమెరికా పుస్తకం అలాంటి ఊహలేని గొడ్డుదే అని తీర్మానం చెయ్యబోతుంటే మావాడు మంత్రాల పుస్తకం తెచ్చాడు. అందులో ఒక మంత్రానికి వెయ్యి వరహాల నీలం కావాలి. మనకి ప్రియమైన వస్తువుని ముట్టుకుని మంత్రం చదివితే దాని పేరు నీలం మీద చెక్కుకుంటుంది. తరవాతెప్పుడో, ఎంత దూరాన ఉన్నా, ఆ పేరు పలికి నీలాన్ని పిండి చేస్తే వస్తువు చేతిలోకొచ్చేస్తుంది. ధరల పట్టీ రాసిన చెయ్యీ ఇది రాసిన చెయ్యీ ఒకటేనా అనిపించింది. ఇక్కడ నీలం ఖర్చయిపోతుంది, అందుకే దానికి విలువొచ్చింది.

నా దగ్గరా ఒక నీలం ఉంది. కొల్లేరు పొంగి చేలు మునిగిన ఒక ఏడు మా నాన్న అమ్మ ఉంగరం పట్టుకుని ఏలూరు వెళ్లాడు. కొట్టాయన రాయి ఊడదీసి, బంగారం తూచి డబ్బులిచ్చి, రాయిని కాగితంలో చుట్టి వెనక్కిచ్చేశాడు. “రాయి వచ్చేసిందిగా!” అంది అమ్మ, ఉంగరం పోలేదన్నట్టే. మంత్రం షరతులు మళ్లీ చదివించుకున్నాను. వస్తువు 10 పౌండ్లు మించకూడదు, ఆరడుగులు దాటకూడదు. మనుషుల మాట అందులో లేదు.

బీరువాలోంచి తీసి చూపిస్తే మావాడు కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూసి, “ఓ మోస్తరు నీలం. వెయ్యి, తాతయ్యా” అన్నాడు. నాకు రోషమొచ్చింది. తనకి నూరు రెట్లు పాలలో వేసినా ఆ పాలన్నిటికీ నీలిచాయ తెచ్చేది మహానీలమని గరుడపురాణం లెక్క. వంటింట్లోంచి గ్లాసుడు పాలు తెప్పించి అందులో వేశాం. ఇద్దరం తలలు వంచి అయిదు నిమిషాలు చూశాం. పాలు పాలలాగే ఉన్నాయి. ఈలోపు మా ఆవిడ వచ్చి, తోడుపెట్టుకోడానికి ఉంచిన పాలలో రాళ్లు వేసిందెవరని అడిగింది.