సూదిని తలచుకుంటూ, రాయిని మరచిపోతూ

కుట్లూ అల్లికలూ వచ్చిన పిల్ల బుద్ధిమంతురాలని మనల్ని పెంచారు. అందుకే చదువుకున్నాక మనలో చాలామందిమి సూదిని పక్కన పడేశాం. ఇంగ్లండులో వెస్ట్ హోత్‌లై అనే పల్లె ఉంది. అక్కడి ప్రీస్ట్ హౌస్ మ్యూజియంలోని ఒక చేతిరుమాలు ఆ తిరస్కారాన్ని మళ్ళీ ఆలోచించమంటుంది.

దాని మీద 66 సంతకాలూ, మరో ఇద్దరి పొడి అక్షరాలూ దారంతో కుట్టి ఉన్నాయి. అవి 1912 మార్చి నాటి హాలోవే జైలు ఖైదీలవి. ఓటుహక్కు కోసం లండన్‌లో కిటికీ అద్దాలు పగలగొట్టిన ఆందోళన వారిని అక్కడికి పంపింది. వారిలో ఒకరు మేరీ ఆన్ హిల్లియర్డ్, ఐర్లండ్‌లో పుట్టిన నర్సు. చరిత్ర పుస్తకాలకెక్కిన నాయకురాలు కాదు. ఆ రుమాలును ఆమె ముప్ఫై ఏళ్ళు దాచి, 1942లో బ్రిటిష్ కాలేజ్ ఆఫ్ నర్సెస్‌లో భద్రపరచమని ఇవ్వజూపింది. చివరికి అది పాతసామాన్ల అమ్మకంలో దొరికింది!

ఈమెను ఎలా స్మరించుకోవాలి? 'ఓర్పుగా కుట్టుకున్న సామాన్య స్త్రీ' అనడం తేలిక. కానీ సూది పట్టిన ఆడది సౌమ్యురాలు అనే పాత పొగడ్తే అందులో దాక్కుని ఉంది. ఎంబ్రాయిడరీ స్త్రీలకు అణకువ నేర్పిన సాధనమే కాదు, ఆ అణకువను ధిక్కరించే ఆయుధం కూడా అని రోజికా పార్కర్ 1984లో 'ది సబ్‌వర్సివ్ స్టిచ్'లో వాదించింది. ఈ రుమాలులో ఆ రెంటినీ విడదీయలేం. రాళ్ళూ సుత్తులూ పట్టిన ఆందోళనలోంచే ఈ కుట్లు వచ్చాయి. కుట్టును మెచ్చుకుని రాయిని దాచిపెడితే అది స్మరణ కాదు, మచ్చిక చేసుకోవడం.

విమర్శకులుగా మనం ప్రతి రచన వెనుకా ఒక్క రచయిత్రిని వెతుకుతాం. ఇక్కడ ఆ అలవాటు పనిచెయ్యదు. కలంతో సంతకం క్షణంలో పని. దారంతోనయితే అక్షరం ప్రతి వంపు దగ్గరా ఆగాలి, పక్కనామె పేరుకి చోటు వదలాలి.

1918 చట్టం ముప్ఫై ఏళ్ళు నిండి, ఆస్తి అర్హత ఉన్న స్త్రీలకే ఓటిచ్చింది. పురుషులతో సమానంగా 21 ఏళ్ళకే ఓటు రావడానికి 1928 దాకా ఆగాల్సొచ్చింది. గెలుపును కూడా అలా ముక్కలు చేసి పంచారు. రుమాలు మీద మాత్రం ఎవరి వయసూ, ఎవరి ఆస్తీ లేదు.

ఒక గుడ్డముక్కను ముప్ఫై ఏళ్ళు దాచడం కూడా చరిత్ర రచనే. హిల్లియర్డ్ తన పేరొక్కటే కత్తిరించి ఉంచుకోలేదు. మనమూ ఆమెను ఆ గుడ్డలోంచి కత్తిరించి ఫ్రేము కట్టకూడదు.