బ్రేకు చెప్పే ఎత్తు, టైరు అడిగే వెడల్పు

కొత్త కారు కొన్నాక మనవాళ్లు చాలామంది మొదట మార్చేది చక్రాలనే. కంపెనీ ఇచ్చిన 15 అంగుళాల రిమ్ములు తీసేసి 17 అంగుళాల అల్లాయ్‌లు వేయిస్తారు. రోడ్డు మీద తిరిగే కారుకు అది ఎవరి ముచ్చట వారిది. అదే కారును రేస్ ట్రాక్ మీదికి తీసుకెళ్తే మాత్రం లెక్క మారుతుంది. గంటకు నూటయాభై కిలోమీటర్ల వేగంతో వచ్చి, గట్టిగా బ్రేకు తొక్కి, మలుపు తిరిగే క్షణంలో కారును నేలకు పట్టి ఉంచేది నాలుగు టైర్ల అడుగున ఉన్న కాస్త రబ్బరే. ఆ రబ్బరు నేలకు సమంగా ఆని ఉండేలా చూడటమే చక్రం పని.

ఏళ్ల తరబడి ట్రాక్‌ల మీద టైర్లు అరగదీసినవాళ్లు తేల్చిన సూత్రం సులువైనదే. ముందు టైరును ఎంచుకోవాలి, తర్వాత దానికి తగిన రిమ్మును వెతకాలి. రిమ్ ఎంత ఎత్తు ఉండాలో బ్రేకు చెబుతుంది, ఎంత వెడల్పు ఉండాలో టైరు చెబుతుంది. మిగతా లెక్కలన్నీ ఈ రెండింటి చుట్టూ తిరిగేవే.

మియాటా నేర్పిన లెక్క

ఈ విద్య బాగా పండిన కారు ఒకటుంది. 1989లో మాజ్దా తెచ్చిన రెండు సీట్ల ఎంఎక్స్-5. అమెరికాలో దాన్ని మియాటా అంటారు. తేలికైన కారు, వెనక చక్రాలతో నడుస్తుంది, ఖర్చు తక్కువ. అందుకే ట్రాక్ నేర్చుకునేవాళ్లకు అది బడి అయింది. మొదటి తరం మియాటాకు కంపెనీ ఇచ్చింది 14 అంగుళాల ఎత్తు, 5.5 అంగుళాల వెడల్పు ఉన్న రిమ్ము, దాని మీద 185/60 ఆర్14 టైరు.

ఆ అంకెలను ఇలా చదవాలి. 185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 60 అంటే సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం, అంటే 111 మిల్లీమీటర్లు. 14 అంటే రిమ్ వ్యాసం అంగుళాల్లో. రిమ్ వ్యాసానికి రెండు వైపుల సైడ్‌వాల్ కలిపితే మొత్తం చక్రం ఎత్తు దాదాపు 578 మిల్లీమీటర్లు.

ఈ కారుతోనే పుట్టిన స్పెక్ మియాటా అనే క్లబ్ రేసింగ్ తరగతిలో 15 అంగుళాల ఎత్తు, 7 అంగుళాల వెడల్పు రిమ్ము మీద 205/50 ఆర్15 టైరు వాడతారు. లెక్క కడితే ఎత్తు 586 మిల్లీమీటర్లు. టైరు 20 మిల్లీమీటర్లు వెడల్పయింది, చక్రం ఎత్తు మాత్రం ఒకటిన్నర శాతం లోపే పెరిగింది. గేర్లు పెద్దగా మందగించలేదు, స్పీడోమీటర్ పెద్దగా తప్పు చూపదు, కారు పెద్దగా పైకి లేవలేదు. సైజు మార్చేవాళ్లెవరైనా ముందుగా చేయాల్సిన లెక్క ఇదే.

రిమ్ ఎత్తు ఎక్కడ ఆగాలి

రిమ్ పెద్దదయ్యే కొద్దీ సాధారణంగా బరువూ పెరుగుతుంది, ఆ బరువు ఇరుసుకు దూరంగా జరుగుతుంది. తిరగలి రాయి అంచు బరువైతే తిప్పడం మొదలుపెట్టడమూ కష్టమే, ఆపడమూ కష్టమే. చక్రమూ అంతే. పైగా ఆ బరువును స్ప్రింగులు మోయవు. ట్రాక్ మీద చిన్న ఎగుడు తగిలినా బరువైన చక్రం పైకి లేచి, నేలకు తిరిగి ఆనడానికి ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యంలో గ్రిప్ పోతుంది.

తేలిక చక్రం విలువ జపాన్ వాళ్లకు బాగా తెలుసు. అక్కడి రేస్ (Rays) అనే కంపెనీ 1996లో తెచ్చిన టీఈ37 రిమ్ ఇప్పటికీ ట్రాక్ అభిమానులకు ప్రాణం. పేరులోని 37 దాని 15 అంగుళాల రిమ్ బరువైన 3.7 కిలోలకు గుర్తు. ఫోర్జింగ్ పద్ధతిలో, అంటే అల్యూమినియాన్ని భారీ ఒత్తిడితో అదిమి చేయడం వల్ల తక్కువ లోహంతోనే దానికి కావలసిన బలం వచ్చింది.

అలాగని రిమ్మును మరీ చిన్నది చేయలేం. లోపల బ్రేకు డిస్క్, కాలిపర్ పట్టాలి. ట్రాక్ మీద బ్రేకులు విపరీతంగా వేడెక్కుతాయి, పెద్ద బ్రేకులు వేసినవాళ్లకు పెద్ద రిమ్ తప్పదు. కాబట్టి కాలిపర్‌కు తగలకుండా తిరిగే రిమ్ములలో చిన్నదే మంచి రిమ్. వ్యాసం సరిపోయినా ఆకుల వంపు కాలిపర్‌కు తగలవచ్చు. అందుకే అనుభవజ్ఞులు కాలిపర్ ఆకారానికి అట్టముక్క కత్తిరించి, కొనే ముందే రిమ్ లోపల పెట్టి చూస్తారు.

పెద్ద పోటీల కార్లనే చూడండి. 2021 వరకు ఫార్ములా వన్ కార్లు నడిచింది 13 అంగుళాల రిమ్ముల మీదే. అప్పటి ఎత్తైన సైడ్‌వాల్ సస్పెన్షన్ పనిలో కొంత భాగం తానే చేసేది. 2022లో 18 అంగుళాలకు మారినప్పుడు జట్లు సస్పెన్షన్‌ను కొత్తగా తయారుచేసుకోవాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన పరుగెత్తిన ‘ఫార్ములా-ఇ’ కార్లవీ 18 అంగుళాల చక్రాలే. ఆ కార్లను ఆ సైజు చుట్టూ కట్టారు. మన కారు ఏ సైజు చుట్టూ కట్టారో చూసుకోకుండా వాటిని అనుకరిస్తే ప్రయోజనం లేదు.

వెడల్పు సంగతి

ఇరుకు రిమ్ మీద వెడల్పు టైరు వేస్తే సైడ్‌వాల్ బయటికి ఉబ్బుతుంది. మలుపులో టైరు పక్కకు ఒరిగి, భుజం మీద నడుస్తుంది. స్టీరింగ్ తిప్పిన తర్వాత కాసేపటికి గానీ కారు తిరగదు. ప్రతి టైరుకూ తయారీదారు రిమ్ వెడల్పు హద్దులు చెబుతాడు. 205/50 ఆర్15కు అవి సాధారణంగా 5.5 నుంచి 7.5 అంగుళాలు. 225/45 ఆర్15కు 7 నుంచి 8.5. రోడ్డు కార్లు ఈ హద్దుల మధ్యలో ఉంటాయి, ట్రాక్ కార్లు పై అంచుకు దగ్గరగా ఉంటాయి. 225 టైరును ఇరుకు రిమ్ మీద బిగించినవాడికంటే 205ను 7 అంగుళాల రిమ్ మీద వేసినవాడికే కారు మాట వింటుంది.

వెడల్పుకూ ఒక మితి ఉంది. తేలికైన, తక్కువ శక్తి గల కారుకు మరీ వెడల్పు టైరు వేస్తే రబ్బరు కావలసినంత వేడెక్కదు. వేడెక్కని ట్రాక్ టైరు పట్టదు.

కంటికి కనిపించని కొలతలు

కొత్తవాళ్లు ఎక్కువగా పొరపడేది ఆఫ్‌సెట్ దగ్గర. రిమ్ వెడల్పు మధ్యగీతకూ, హబ్‌కు ఆనే ముఖానికీ మధ్య దూరమే ఆఫ్‌సెట్. దాన్ని 45 మిల్లీమీటర్ల దగ్గరే ఉంచి 5.5 అంగుళాల రిమ్‌కు బదులు 7 అంగుళాలది వేస్తే చక్రం లోపలికి 19, బయటికి 19 మిల్లీమీటర్లు పెరుగుతుంది. లోపల షాక్ అబ్జార్బర్‌కు 10 మిల్లీమీటర్ల ఖాళీయే ఉంటే అది తగులుతుంది. ఆఫ్‌సెట్ 35 ఉన్న రిమ్ తీసుకుంటే లోపలికి 9, బయటికి 29 అవుతుంది. అప్పుడు ఫెండర్ అంచు చూసుకోవాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, సస్పెన్షన్ కిందికి నొక్కి రెండు వైపులా చూడాలి.

బోల్టుల వలయం కొలత, మధ్య రంధ్రం కొలత కూడా కలవాలి. స్విఫ్ట్ కారుకు 100 మిల్లీమీటర్ల వలయంలో నాలుగు బోల్టులు, పోలో కారుకు అదే వలయంలో ఐదు. మధ్య రంధ్రం స్విఫ్ట్‌కు 54.1, పోలోకు 57.1 మిల్లీమీటర్లు. బయట కొన్న రిమ్ రంధ్రం పెద్దదైతే ఖాళీని రింగుతో నింపుతారు. ట్రాక్ వేడికి ప్లాస్టిక్ రింగు కరిగే ప్రమాదం ఉంది, అల్యూమినియంది వాడాలి. పోలో బోల్టు ఆనే చోటు గుండ్రంగా ఉంటుంది, బయటి రిమ్ములు చాలావాటికి శంఖాకారంలో ఉంటుంది. అవి కలవకపోతే బోల్టు వదులవుతుంది. టార్క్ రెంచ్‌తో బిగించి, మొదటి సెషన్ అయ్యాక చక్రం చల్లారనిచ్చి మళ్లీ చూసుకోవడం తప్పనిసరి.

టైరుతో మాట్లాడటం

ఎంపిక సరిగ్గా ఉందో లేదో ట్రాకే చెబుతుంది. టైరు భుజం మీద సుద్దతో అడ్డగీతలు గీసి నాలుగు ల్యాపులు తిరిగి రండి. గీత సైడ్‌వాల్ వైపు బాగా కిందికి చెరిగిపోతే టైరు ఒరిగిపోతోందని అర్థం. గాలి తక్కువైనా, రిమ్ ఇరుకైనా, క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వంగే కోణం) చాలకపోయినా అలా జరుగుతుంది. గీత అసలు చెరగకపోతే గాలి ఎక్కువై ఉండవచ్చు.

గాలి ఒత్తిడిని వేడి మీద చూడాలి. కొన్ని ల్యాపుల్లోనే అది చాలా పీఎస్ఐ పెరుగుతుంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో వేసవి ఎండకు నేలే కాగిపోతుంది కనుక పొద్దున సరిపోయిన గాలి మధ్యాహ్నానికి ఎక్కువవుతుంది. పిట్‌లోకి రాగానే లోపలి అంచు, మధ్య, బయటి అంచు వేడి కొలిస్తే ఇంకా తెలుస్తుంది. మధ్య భాగమే బాగా వేడిగా ఉంటే గాలి తగ్గించాలి. బయటి అంచు కాలిపోతుంటే క్యాంబర్ పెంచాలి. ఇంత చూశాకే పెద్ద సైజు గురించి ఆలోచించడం ధర్మం.

ట్రాక్‌కు వెళ్లాలనుకునే తెలుగు యువతీయువకులకు ఒక విన్నపం. మొదటి ఏడాది కంపెనీ సైజు రిమ్ములే ఉంచండి. డబ్బు మంచి టైర్ల మీద, బ్రేకు ప్యాడ్ల మీద, కొత్త బ్రేకు ఆయిల్ మీద పెట్టండి. రిమ్ మార్చే రోజు వస్తే తేలికైనది, మీ బ్రేకుకు చాలినంత చిన్నది, మీ టైరుకు చాలినంత వెడల్పైనది తీసుకోండి. జేడబ్ల్యూఎల్ వంటి ప్రమాణ ముద్ర లేని చౌక నకళ్లను ట్రాక్ మీదికి తీసుకెళ్లకండి. అక్కడ రిమ్ విరిగితే దెబ్బ తగిలేది మీ ఒక్కరికే కాదు.